ఫోనులో ఒక వేడి, రేకుల కింద ఒక వేడి

సైన్సును ఇంటర్నెట్ సాయంతో ఎలా చెప్పాలో నేర్పడానికి చంద్రపూర్‌లో మా టీచర్లకు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. పద్ధతి వినడానికి తేలికగానే ఉంది. టీచరు ఒక ప్రశ్న ఇవ్వాలి. వెతకడానికి నాలుగైదు వెబ్‌సైట్లు చూపాలి. పిల్లలు జట్లుగా కూర్చుని చదివి, ఆధారాలు పోగుచేసి, జవాబు తామే రాబట్టుకోవాలి. టీచరు మాత్రం జవాబు చెప్పకూడదు. మూడో రోజు సాయంత్రం స్కూటీ మీద ఇంటికి వస్తుంటే, ఇన్నేళ్లుగా నేను చేస్తున్నదంతా జవాబులు చెప్పడమే కదా అనిపించింది. ఇంటికి చేరాక కూడా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను.

నేను పుట్టింది ఇక్కడి బొగ్గుగని కాలనీలోనే. మా నాన్న తెలంగాణ నుంచి గనిలో పనికి వచ్చాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు చదవడం మాత్రం ఆదివారాల్లో అమ్మ పక్కన కూర్చుని, ప్రార్థన పుస్తకం మీద వేలు పెట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు నేను పాఠాలు చెప్పేది మరాఠీ మీడియం బడి. తెలుగిళ్ల పిల్లలు ప్రతి క్లాసులోనూ కొందరుంటారు. క్లాసులో వాళ్లతో మరాఠీలోనే మాట్లాడతాను. గేటు దాటాక తెలుగులోకి వస్తాం.

ఫిబ్రవరి చివర్లో ఎనిమిదో తరగతికి ప్రశ్న ఇచ్చాను. "మన చంద్రపూర్‌లో ఎండ ఇంత ఎక్కువ ఎందుకు?" ఎనిమిది జట్లు చేశాను. కంప్యూటర్ గదిలో పనిచేసేవి ఐదే. ముందు కూర్చున్నవాడు మౌస్ వదలడు, వెనక నిలబడ్డవాళ్లకు తెర కనబడదు. మిగతాది ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో చూసుకోమని రెండు వారాలు గడువిచ్చాను.

ఆ రెండు వారాలూ గడవడం నాకే కష్టమైంది. పిల్లలు తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుతుంటే నేను బోర్డు దగ్గర్నుంచి కిటికీ దగ్గరికీ, కిటికీ దగ్గర్నుంచి బోర్డు దగ్గరికీ తిరిగేదాన్ని. చాక్‌పీసు తీసుకుని మళ్లీ పెట్టేసేదాన్ని. పక్క క్లాసులో మా తోటి టీచరు అప్పటికి రెండు పాఠాలు ముగించింది. నా పుస్తకంలో పేజీ కదల్లేదు.

చివరికి కాగితాలు వచ్చాయి. స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మొదటి కాగితం బాగుంది. రెండోది కూడా అదే. మూడోదీ అదే. ఏడు జట్లూ ఒకే పేజీలోంచి ఒకే పేరా దించాయి. ఒక జట్టయితే "మరింత చదవడానికి ఇక్కడ నొక్కండి" అన్న వాక్యాన్ని కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద స్కేలుతో గీత గీసింది. నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఒళ్లు మండింది.

ఎనిమిదో కాగితం ముగ్గురు అమ్మాయిలది. అందులో పేరా లేదు. రెండు వరుసల్లో అంకెలున్నాయి. ఒక వరుస మీద "ఫోను" అని, రెండో వరుస మీద "ఇల్లు" అని రాసుంది. ఇల్లు కింది అంకెలు ప్రతిరోజూ ఎక్కువగానే ఉన్నాయి. అడుగున ఒకే ఒక్క మాట: "కారణం దొరకలేదు." ఎవరి ఇల్లు, దేనితో కొలిచారు, ఎన్ని గంటలకు కొలిచారు అని నేను అడగాల్సింది. అప్పటికే చిరాకులో ఉన్నాను. ఎర్ర పెన్నుతో "అసంపూర్ణం" అని రాసి, చుట్టూ గుండ్రంగా గీసి తిరిగి ఇచ్చేశాను.

మరుసటి రోజే ల్యాబ్‌లో అలమార సర్దుతుంటే ఆరు థర్మామీటర్లలో ఐదే కనబడ్డాయి. ల్యాబ్ రిజిస్టర్‌లో సంతకం నాది. అంతకు ముందు వారం ల్యాబ్‌కు వచ్చింది ఎనిమిదో తరగతి ఒక్కటే. నేరుగా క్లాసుకు వెళ్లి అడిగాను. మళ్లీ అడిగాను. అప్పుడు నేను చేసిన పని ఇప్పుడు రాస్తుంటే కూడా చెంపలు వేడెక్కుతున్నాయి. అందరి సంచులూ బెంచీల మీద బోర్లించమన్నాను. పుస్తకాలు, డబ్బాలు, చెమటవాసన కర్చీఫులు, ఉప్పు అద్దిన చింతకాయలు, ఒకరి సంచిలో తెగిపోయిన చెప్పు. వరుసలో నడుస్తూ అన్నీ చూశాను. థర్మామీటర్ దొరకలేదు. కిటికీ పక్క రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి సంచిలో నా ఎర్ర అక్షరాల కాగితం నాలుగు మడతల్లో కనబడింది. ఆ అమ్మాయి క్లాసులో పెద్దగా మాట్లాడదు. ఆ రోజూ తల ఎత్తలేదు.

మర్నాడు ప్రార్థన గంట కొట్టకముందే ఆ అమ్మాయి వాళ్లమ్మ వచ్చింది. ఒక మెస్సులో రొట్టెలు చేస్తుందట, చీర కొంగుకు పిండి అంటి ఉంది. వెనకాల కూతురు నిలబడింది. తల్లి తన చేతిలోని స్టీలు డబ్బా మూత తీసి, గుడ్డలో చుట్టిన థర్మామీటర్ నా ముందు పెట్టింది.

"నమస్తే మేడం. గీ గాజు పుల్ల మీదే గదా. మా బిడ్డ తెచ్చింది. అడగకుంట తెచ్చుడు తప్పే. దొంగతనానికి తేలే మేడం, లెక్క రాసుకునుడానికి తెచ్చింది. నిన్నటి సంది అన్నం ముడ్తలేదు."

నేను ఆ అమ్మాయి వైపు చూశాను. "నన్నడిగితే ఇయ్యనా?" అన్నాను.

"ఇయ్యరనుకున్న మేడం" అంది, నేలకేసి చూస్తూ.

నిజంగానే ఇచ్చేదాన్ని కాదు. గాజు వస్తువు, పగిలితే రిజిస్టర్‌లో ఎవరి పేరు రాయాలి అనేదాన్ని.

వాళ్లమ్మ వెళ్లబోతూ ఆగింది. "నాకు సదువు రాదు మేడం. ఒక్క మాట అడుగుత, ఏమనుకోకున్రి. ఫోన్లనేమో ముప్పై ఎనిమిది అని వస్తుందంట. గీ పుల్ల జూస్తే నలభై ఆరు అంటుందంట. మీరేమో కాగితం మీద ఎర్రగ సున్న చుట్టిచ్చిన్రు. ఇంతకు ఏది అబద్ధం మేడం? ఫోను అబద్ధమా, మా ఇల్లు అబద్ధమా?"

గంట మోగింది. పిల్లలు వరుసల్లో నిలబడుతున్నారు. "శనివారం మీ ఇంటికొస్త. జూసినంకనే చెప్త" అన్నాను.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఆ అమ్మాయిని స్కూటీ వెనక ఎక్కించుకుని బయల్దేరాను. గని కాలనీ దాటి, బొగ్గు లారీల రోడ్డు పక్కనుంచి రైలు పట్టాల దాకా వెళ్లాలి. వాళ్లది రెండు గదుల ఇల్లు. పైన రేకులు, పడమటి గోడ కూడా రేకే. ఆ గోడకే మేకు కొట్టి ఉంది. "గీడనే తగిలించిన మేడం" అని చూపించింది.

మేకును చూడగానే నాకు కలిగింది ఊరట. దాచడం ఎందుకు? పిల్ల కొలత తప్పు, నా ఎర్ర సిరా ఒప్పు అనుకున్నాను. "చూడు, పుల్ల రేకును ఆనుకుని ఉన్నది. గందుకే గంత చూపిచ్చింది. అది రేకు వేడి, గాలి వేడి కాదు. వాతావరణం ఆఫీసోళ్లు బయట ఖాళీ జాగల, తెల్ల చెక్క డబ్బల, నీడల, గాలి ఆడేటట్టు పెట్టి కొలుస్తరు" అని చెప్పాను. చెబుతుంటే గొంతులో పాత టీచరు హాయిగా తిరిగొచ్చింది.

ఆ అమ్మాయి శ్రద్ధగా విన్నది. "గా డబ్బల ఎవరన్న ఉంటరా మేడం?" అంది.

"ఏంది?"

"మనుషులు. మేం రేకు కింద ఉంటం గదా. గా డబ్బల ఎవరుంటరు?"

వాళ్లమ్మ చాయ్ గ్లాసుతో వస్తూ నవ్వింది. "గిట్లనే అడుగుతది మేడం. ఇంట్ల మా పానం తింటది."

నేను నవ్వలేకపోయాను. థర్మామీటర్ నా సంచిలోనే ఉంది. దాన్ని దారానికి కట్టి, గది నడిమధ్యలో దూలం నుంచి వేలాడదీశాం. గోడకు తగలకుండా, ఆ అమ్మాయి ఛాతీ ఎత్తున. పావుగంట ఆగాలి. మంచం మీద కూర్చున్నాను, లేచాను, గుమ్మంలోకి వెళ్లాను, మళ్లీ వచ్చాను. రేకుల కింద గాలి ముక్కుల్లో మండుతోంది. పావుగంటయ్యాక చూస్తే మునుపటి తేడా సగానికి తగ్గింది. పోలేదు. ఫోను చెప్పినదానికంటే ఆ గది ఇంకా వేడిగానే ఉంది.

"మరి గిప్పుడేది అబద్ధం?" అని వాళ్లమ్మ మళ్లీ అడిగింది.

"రెండూ అబద్ధం కాదనుకుంట" అన్నాను. "గానీ ఫోనుకు గా లెక్క యాడికెల్లి వస్తదో నాకు కూడ సరిగ తెల్వదు." ఒక పిల్ల ముందు, పిల్ల తల్లి ముందు తెలియదని చెప్పడం నాకు అదే మొదటిసారి. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీద లారీల దుమ్ము తప్ప ఇంకేమీ చూడలేదు. మనసంతా ఆ తెల్ల డబ్బా చుట్టూనే తిరిగింది.

సోమవారం క్లాసులో మొదట క్షమాపణ చెప్పాను. క్లాసులో మాటలన్నీ మరాఠీలోనే జరిగాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "మీ సంచులు వెతకడం నా తప్పు. అలా చేసి ఉండకూడదు" అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు, "మేడమ్, ఆ రోజు నా చింతకాయలు పోయాయి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యలో కిటికీ పక్క అమ్మాయి లేచి నిలబడింది. "థర్మామీటర్ నేను తీసుకెళ్లాను" అంది. తర్వాత తన కాగితంలోని అంకెలు చదివింది, మేకు సంగతి కూడా దాచకుండా చెప్పింది. వాళ్లమ్మ అడిగిన ప్రశ్నను నేను బోర్డు మీద రాశాను. దాని కింద ఇంకొకటి రాశాను: "ఫోనుకు మన ఊరి వేడి ఎవరు చెబుతున్నారు?"

ఈసారి వెబ్‌సైట్ల జాబితా ఇవ్వలేదు. ఇవ్వడానికి నా దగ్గర లేదు కూడా.

ఆ వారం క్లాసు గోలగోలగా మారింది. ఒక జట్టు మూడు ఫోన్లు తెచ్చింది. బడికి ఫోన్లు తేకూడదన్న నియమాన్ని ఆ ఒక్కరోజుకు నేనే పక్కన పెట్టాను. ఒకే నిమిషంలో, ఒకే బెంచీ మీద, మూడు ఫోన్లూ మూడు అంకెలు చూపించాయి. పిల్లలు కేకలు పెట్టారు. అప్పటిదాకా ఫోనులో ఎక్కడో థర్మామీటర్ ఉంటుందని చాలామంది అనుకుంటున్నారట. రెండు రోజులు వెతికి, ఒక జట్టు తెలుసుకుని వచ్చింది. ఫోను చెప్పేది మన వీధిలో కొలిచింది కాదు. ఎక్కడెక్కడి కేంద్రాల కొలతలూ, ఉపగ్రహాల సమాచారమూ కలిపి కంప్యూటర్లు వేసే అంచనా. ఒక్కో యాప్‌ది ఒక్కో లెక్క. ఇంకో జట్టు థర్మామీటర్ ఎలా పెట్టాలో చదివి వచ్చి నియమాలు బోర్డు మీద రాసింది. గోడకు ఆనకూడదు, ఎండ తగలకూడదు, చేత్తో గాజు గుబ్బ పట్టుకోకూడదు. ఇదివరకు పేరాలు దించిన పిల్లలే ఇప్పుడు ఒక్కో వాక్యం దగ్గర ఆగి, "ఇది మనకు పనికొస్తుందా?" అని కొట్లాడుకుంటున్నారు.

కొలవడానికి ముందు ఆరు థర్మామీటర్లనూ ఒకే బకెట్ నీళ్లలో ముంచి చూడాలని ఎక్కడో చదివామన్నారు. చూస్తే ఒకటి మిగతావాటికంటే ఒక డిగ్రీ ఎక్కువ చూపింది. దానికి ఎర్ర దారం కట్టి, దాని లెక్కలో ఒకటి తీసేయాలని తీర్మానించారు. కొన్నేళ్లుగా ఆ ఆరింటితోనే ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. నాకెప్పుడూ ఆ ఆలోచన రాలేదు.

బడిలో నాలుగు చోట్లు ఎంచుకున్నారు. వేపచెట్టు నీడ, మా స్లాబు క్లాసు, కూలర్ ఉన్న కంప్యూటర్ గది, వెనకవైపు రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఒకటో తరగతి కూర్చుంటుంది. వారం రోజులు మధ్యాహ్నం ఒంటిగంటకు కొలిచారు. షెడ్డులో అంకె ప్రతిరోజూ అన్నింటికంటే పైనే ఉంది. కొలిచి వచ్చిన అమ్మాయిలు నేరుగా కుళాయి దగ్గరికి పరిగెత్తేవాళ్లు. వాళ్లతో ఒకసారి నేనూ లోపలికి వెళ్లాను. చిన్నపిల్లలు చొక్కా గుండీలు విప్పుకుని, పలకలతో విసురుకుంటూ కూర్చున్నారు. వాళ్ల టీచరు నా వైపు చూసి, "ఇప్పుడు తెలిసిందా?" అంది. ల్యాబ్‌కు వెళ్లే దారి ఆ షెడ్డు పక్కనుంచే. రోజూ నడిచే దారే.

ఆ నెలాఖరులో మా హెడ్ సర్ ఒక అధికారిని వెంటబెట్టుకుని క్లాసుకు వచ్చారు. ఇంటర్నెట్ ప్రాజెక్టులు ఎలా నడుస్తున్నాయో చూసి, ప్రదర్శనకు ఒకటి ఎంపిక చేయాలట. పిల్లలు చార్టు పరిచారు. షెడ్డు అంకెల దగ్గరికి రాగానే హెడ్ సర్ ముఖం మారింది.

"మేడమ్, ఇంటర్నెట్ ప్రాజెక్టు అన్నారు. ఇది మన షెడ్డు ప్రాజెక్టులా ఉందే?" అన్నారు నాతో మెల్లగా. ఆయన చెడ్డవారు కాదు. పైనుంచి ఎవరేమంటారోనన్న భయం ఆయనకు అలవాటు.

అధికారి చార్టు చివరిదాకా చూసి, "మరి ముగింపు ఎక్కడ?" అని అడిగారు. నేను పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాను. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అంతలో కిటికీ పక్క అమ్మాయి అంది: "ఏప్రిల్ ఇంకా రాలేదు సర్. అప్పుడు కూడా కొలవాలి."

"ముగింపు లేకుండా ప్రాజెక్టు ఎలా అవుతుంది?" అన్నారాయన. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయారు. మా ప్రాజెక్టు ఎంపిక కాలేదు. లైట్లు వెలిగే సౌరమండలం బొమ్మ చేసిన వేరే బడికి ఆ అవకాశం దక్కింది. పిల్లలు రెండు రోజులు ముఖాలు వేలాడేసుకున్నారు. నేను వాళ్లకంటే ఎక్కువ రోజులు.

కానీ మూడో రోజు పొద్దున నేను ల్యాబ్ తలుపు తీయబోతే అది తీసే ఉంది. బల్లలు గోడకు జరిపి ఉన్నాయి. నేల మీద పరిచిన చాపలపై ఒకటో తరగతి కూర్చుని అంకెలు వల్లిస్తోంది. హెడ్ సర్ ఎవరికీ చెప్పకుండా వాళ్లను అక్కడికి మార్చారు. నాకు సంతోషం కలగాలి. ముందు కలిగింది కోపం. నా బీకర్లు, నా బ్యూరెట్లు, నీళ్లు ఒలకబోసే పిల్లలు. అలమారకు తాళం వేసి, స్టాఫ్‌రూమ్‌కు వచ్చి, రెండు గ్లాసుల నీళ్లు తాగాక గాని ఆ కోపానికి నాకే సిగ్గనిపించలేదు.

వేసవి సెలవులకు ముందు ఆ అమ్మాయికి ఒక థర్మామీటర్ ఇచ్చాను. రిజిస్టర్‌లో రాసి, తనతోనే సంతకం పెట్టించాను. రేకులకు తెల్లరంగు వేస్తే వేడి తగ్గుతుందని తన జట్టు నెట్‌లో చదివింది. వాళ్ల నాన్న లోడింగ్ పని నుంచి వచ్చాక నిచ్చెన వేసుకుని ఒక గది మీద మాత్రం సున్నం కొట్టాడు. రెండో గదిని ఊరికే వదిలేయమని పిల్లే పట్టుబట్టిందట, పోల్చి చూడాలి కదా. మే నెలలో వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"మేడం, సున్నం గదిల తక్కువనే వస్తుంది. పండుకుంటే గూడ తెలుస్తుంది. గానీ మొన్న గాలివాన గొట్టి సగం సున్నం కొట్టుకపోయింది. ఇగో, మీ శిష్యురాలు మాట్లాడ్తదంట."

"మేడం, గిప్పుడు లెక్క మల్ల మొదటి సంది పెట్టాల్నా?" అంది పిల్ల.

"పెట్టాలె" అన్నాను. ఫోను పెట్టేశాక, ఆ ఎండలో వాళ్ల నాన్నను మళ్లీ రేకుల మీదికి ఎక్కించినట్టయిందని మనసు పీకింది. మళ్లీ ఫోన్ చేసి వద్దని చెప్పాలనుకున్నాను. చేయలేదు. మళ్లీ సున్నం కొట్టారని తర్వాత తెలిసింది.

జూన్ చివర్లో బడి తెరిచారు. ఆ అమ్మాయి తొమ్మిదిలోకి వెళ్లింది. దండెం మీద ఆరేసిన బట్టల మీదికి నల్లటి పొడి ఎక్కడ్నుంచి వస్తుందో ఇప్పుడు తన జట్టు వెతుకుతోంది. రోజుకొక తెల్ల కాగితం తెచ్చి నా బల్ల మీద పెడుతుంది. ఏ గాలి వీచిన రోజు ఎంత పొడి పడిందో అడుగుతుంది. నేను చెప్పలేను, ఇద్దరం చదువుతాం.

తొలి వానలు పడగానే హెడ్ సర్ నన్ను పిలిచి, "చల్లబడింది కదా మేడమ్, చిన్నపిల్లల్ని షెడ్డుకు పంపేద్దాం. మీ ల్యాబ్ మీకొస్తుంది" అన్నారు. ల్యాబ్ కావాలని నాకూ ఉంది. ప్రాక్టికల్స్ వరండాలో చేయిస్తున్నాను, గాలికి స్పిరిట్ దీపం నిలవదు.

"ఇవాళ మధ్యాహ్నం కూడా షెడ్డు బయటికంటే వేడిగానే ఉంది సర్. చెమట ఆరదు. అక్టోబర్‌లో మళ్లీ ఎండలు వస్తాయి" అన్నాను.

"అయితే రాసివ్వండి. పైకి పంపుతాను. షెడ్డుకు స్లాబు వేయమని అడుగుదాం."

రాసిచ్చాను. తొమ్మిదో తరగతి పిల్లలు తమ చార్టు కూడా జతచేయమన్నారు, చేశాను. దానికి ఇంకా ఏ కబురూ రాలేదు. ఒకటో తరగతి ల్యాబ్‌లోనే ఉంది. పొద్దున హాజరు వేయడానికి వెళ్లేటప్పుడూ, మధ్యాహ్నం టిఫిన్ అయ్యాకా, సాయంత్రం స్కూటీ తీసేముందూ హెడ్ సర్ గదిలోకి తొంగి చూసి, కబురు వచ్చిందా అని అడుగుతున్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతారు. మర్నాడు మళ్లీ అడుగుతాను.